ప్రతి పాటలోనూ సగం

జిల్లా రెండయినప్పుడు చరాస్తులన్నీ రెండు జిల్లాలకూ సరిసమానంగా పంచాలని ఉత్తర్వు చెప్పింది. చెప్పింది కాబట్టి పంచారు.

వంశపురం జిల్లా పాతది, కొండల వైపుది. కళింగరేవు జిల్లా కొత్తది, సముద్రం వైపుది. కుర్చీలు పంచుకున్నారు, బీరువాలు పంచుకున్నారు. గ్రంథాలయంలో రెండు సంపుటాల నిఘంటువు ఉంటే మొదటి సంపుటం పాత జిల్లాకు, రెండోది కొత్త జిల్లాకు ఇచ్చారు. కలెక్టరేటులో ఉన్న ఒకే ఒక్క నిచ్చెనను మధ్యకు కోసి చెరి సగం పట్టుకెళ్లారు. ఆ తర్వాత బల్బు మార్చాలంటే రెండు జిల్లాల్లోనూ నిచ్చెన కింద బల్ల వేయాల్సి వచ్చింది గాని, పంపకం మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు.

ఈ పంపకాలు చూసేందుకు విభజన ప్రత్యేకాధికారి అని ఒకరిని వేశారు. ఆయన పేరు చక్రధరం. అంతకుముందు వరద సాయం పంచిన మనిషి. రెండు పక్షాల నుంచీ అభ్యంతరం వస్తే పంపకం న్యాయంగా జరిగినట్టు, ఒక పక్షం నుంచే వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టు ఆయన లెక్క.

ఆయన జాబితాలో చివరికి మిగిలింది జానపద ధ్వని భాండాగారం. భాండాగారమంటే గ్రంథాలయం మేడ మీద ఒక గది. గదిలో ఒక కంప్యూటరు, దాని పక్కన నాలుగు హార్డ్ డిస్కులున్న పెట్టె. దానికి అధికారి బెవర వరహాలరావు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన మైకు సంచిలో వేసుకుని ఊళ్లు తిరిగాడు. ఊడుపు పాటలు, తప్పెటగుళ్లు, జముకుల కథలు, జోల పాటలు అన్నీ పట్టుకొచ్చి ఆ పెట్టెలో పెట్టాడు.

పంపకం రోజున చక్రధరం పెట్టె మూత తీయించి లోపలికి చూశాడు.

"నాలుగున్నాయి. చెరి రెండు. సులువైన కేసు" అన్నాడు.

"నాలుగూ కలిస్తేనే ఒకటి సార్" అన్నాడు వరహాలరావు.

"అదేమిటండీ, నాలుగు కనపడుతుంటే?"

వరహాలరావు చెప్పుకొచ్చాడు. "లారీ మీంచి బస్తాలు దించాలంటే ఒక్క కూలీ కంటే నలుగురు త్వరగా దించుతారు కదా సార్. ఇదీ అంతే. పాట లోపల పెట్టమంటే ఈ యంత్రం దాన్ని ముక్కలుగా కోస్తుంది. మొదటి ముక్క ఒకటో డిస్కులో, తర్వాతది రెండో దాంట్లో, ఆ తర్వాతది మూడో దాంట్లో, ఇంకోటి నాలుగో దాంట్లో. మళ్లీ ఒకటో దాని దగ్గరికి వస్తుంది. పని చకచకా అయిపోతుంది. కానీ ఒక్క డిస్కు పక్కకు తీస్తే మిగిలిన మూడూ తుక్కు."

"అంటే రెండు డిస్కులు తీసుకున్న జిల్లాకు సగం పాటలు వస్తాయి."

"సగం పాటలు రావు సార్. ప్రతి పాటలోనూ సగం వస్తుంది. వినడానికి ఒక్కటీ రాదు."

చక్రధరం కలం కింద పెట్టాడు.

"వరహాలరావు గారూ, నేను చాలా పంచాను. పొలం పంచితే ఒకడికి కాలువ పక్క, ఒకడికి రాళ్ల పక్క పోతుంది. ఆవుల్ని పంచితే ఒకడికి పాడిది, ఒకడికి ఒట్టిది. ప్రతి వస్తువులోనూ సరిగ్గా సగం చేసి పెట్టే యంత్రాన్ని ఇవాళే చూస్తున్నాను. ప్రభుత్వ ఆశయాన్ని ఇది మనకంటే ముందే గ్రహించింది."

"పాట వినపడదు సార్."

"అది సాంకేతిక అంశం. మనది పరిపాలనా అంశం. రెంటినీ కలపకూడదు."

"పోనీ, పంచేముందు ఒక నకలు తీసుకోనివ్వండి."

నకలు మాట వరహాలరావు ఎత్తడం అది మొదటిసారి కాదు. పెట్టె కొన్న నాడే, దానికి తోడు ఇంకో డిస్కు ఇస్తే అన్నిటికీ నకళ్లు తీసి పక్కన పెడతానని రాశాడు. ఆడిట్ వారు జవాబిచ్చారు: "ఒకే పాటను రెండు చోట్ల నిల్వయుంచుట ద్వంద్వ వ్యయము. మొదటి ప్రతి నశించిన పిమ్మట రెండవ ప్రతి కొరకు దరఖాస్తు చేసుకొనవచ్చును."

చక్రధరం మరో కారణం చెప్పాడు. "ఇప్పుడు నకలు తీస్తే అది షెడ్యూల్లో లేని కొత్త ఆస్తి అవుతుంది. పంపకం మధ్యలో ఆస్తి పుట్టకూడదు. పుడితే దాన్నీ పంచాలి."

రెండు డిస్కులు గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి కొత్త జిల్లాకు ఇచ్చారు. తీసుకోవడానికి వచ్చినవాడు త్రినాథ్. మొన్నటిదాకా వరహాలరావు దగ్గర సహాయకుడు, ఒకే క్యారేజీలో భోజనం చేసినవాడు. ఇప్పుడు కళింగరేవు ధ్వని భాండాగారానికి సంచాలకుడు.

"తప్పుగా అనుకోకండి గురువు గారూ. పట్టుకురమ్మన్నారు, పట్టుకెళ్తున్నాను."

"అవి విడదీస్తే తుక్కని నీకు తెలీదట్రా?"

"తెలుసండి. కానీ తుక్కైనా ఇప్పుడది మా జిల్లా తుక్కండి."

కళింగరేవులో భాండాగారానికి రిబ్బను కట్టి ప్రారంభోత్సవం చేశారు. వచ్చిన పెద్దమనిషి మీట నొక్కాడు. ఏమీ వినపడలేదు. మౌనం పాటిస్తున్నారనుకుని సభంతా లేచి నిలబడింది. కాసేపటికి పెద్దమనిషి కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. కార్యక్రమం హుందాగా జరిగిందని మర్నాడు పేపర్లో వచ్చింది.

ఆ వారంలోనే కంచరవలస నుంచి సూరమ్మ వచ్చింది. మేడ మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడింది.

"బావూ, మా అప్ప గొంతొకపాలి యినిపించు."

అప్ప అంటే సూరమ్మకు కథ నేర్పిన బంగారమ్మ. ఆ చుట్టుపక్కల జముకుల కథకు ఆవిడ పెట్టింది పేరు. జముకు అంటే తోలు కట్టిన డొల్లకు నరం బిగించి, దాన్ని మీటుతూ మోగించే వాద్యం. అది చేతిలో పట్టుకుని బంగారమ్మ ఊరి దేవత ముత్యాల పేరంటాలు కథ చెబితే జనం పొద్దు వాలేదాకా కదిలేవారు కాదు. అందులో చివరి ఘట్టం శిష్యురాలికి చెప్పేది జముకు చేతికిచ్చే రోజున మాత్రమే. అప్పటిదాకా, కథ అక్కడికి వచ్చేసరికి శిష్యురాలు వినపడనంత దూరం వెళ్లాలి, వంత కూడా బంగారమ్మే అనుకునేది. వాళ్లలో పద్ధతి అది. బంగారమ్మకు జముకు ఇచ్చే తీరిక దొరకలేదు. పోయిన వానల్లో నాలుగు రోజుల జ్వరంతో కన్నుమూసింది.

అయితే ఆ ఘట్టాన్ని అంతకుముందే ఒకసారి వరహాలరావు మైకుకు చెప్పింది. చెప్పించడానికి ఆయన కంచరవలస చుట్టూ చాలా తిరిగాడు. ఆఖరికి ఆవిడే ఒక దారి ఆలోచించుకుంది. మైకు మనిషి కాదు, దానికి చెబితే పద్ధతి తప్పినట్టు కాదు అంది.

"వచ్చే నెల పేరంటాలు సంబరం బావూ" అంది సూరమ్మ. "కతంతా నాకొచ్చు. ఆ సివరి గట్టం రాదు. కత మొదలెట్టీసి మద్దిలో ఒగ్గీకూడదు. మొత్తం సెప్పాల, నేదంటే అసలు ఎత్తకూడదు. నాను ఎత్తకపోతే కుర్రోలు డీజే ఎట్టిస్తామంటన్నారు. ఒకపాలి డీజే ఒచ్చిందంటే మరి జముకు నెవుడు పిలుస్తాడు?"

వరహాలరావు పెట్టెలో ఖాళీ అయిన రెండు అరల వైపు చూశాడు.

"ప్రెబుత్వం నీ గొంతు ఎయ్యేళ్లు దాస్తాదని అప్పకి సెప్పినావు గదా బావూ. నాను పక్కనే ఉన్నాను."

"దాచింది సూరమ్మా. రెండు జిల్లాల్లో దాచింది."

ఆవిడకు మొత్తం చెప్పాడు.

"అంటే మా అప్పని నిలువునా కోసీనారా?"

"అడ్డంగా కోసినా కొంత వినపడేది" అన్నాడు వరహాలరావు.

ఆ రోజే ఆయన ఫైలు పెట్టాడు. కొత్త జిల్లా డిస్కులు రెండూ ఒక్క రోజు వంశపురం పంపితే చాలని రాశాడు. కళింగరేవు నుంచి జవాబు వచ్చింది: "సదరు డిస్కులు ఈ జిల్లాయందు చేరి స్వల్పకాలమే అయినందున, కనీస సేవాకాలము పూర్తికానిదే అంతర్జిల్లా బదిలీకి అర్హములు కావు." పోనీ తన డిస్కులే అక్కడికి పంపుతానన్నాడు. వంశపురం కలెక్టరేటు ఒప్పుకోలేదు. ఇప్పటికే సగం నిచ్చెన పోయిందని అక్కడివాళ్లు గుర్తు చేశారు.

వరహాలరావు బదిలీల నిబంధనలు తిరగేశాడు. భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో ఉద్యోగాలు చేస్తుంటే ఇద్దరినీ ఒక చోటికి చేర్చవచ్చని అందులో ఉంది. నాలుగు డిస్కులూ ఒకే కాపురంగా ఉండేవి కాబట్టి ఆ నిబంధన కింద పరిశీలించమని రాశాడు. ఆ ఫైలు రెండు కలెక్టరేట్లూ తిరిగి, "డిస్కుల వివాహ ధ్రువపత్రము జతపరచవలెను" అనే మాటతో వెనక్కి వచ్చింది.

ఇక లాభం లేదని చక్రధరం దగ్గరికే వెళ్లాడు. సంబరం సంగతి, సూరమ్మ సంగతి చెప్పాడు. చక్రధరం రాతిగుండె మనిషేమీ కాదు. ఫ్యాను కేసి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"డిస్కులు సరిహద్దు దాటకూడదు. సరే. దాటకుండా ఒకదాని పక్కన ఒకటి కూర్చోకూడదని ఎక్కడుంది?"

ఎక్కడా లేదు.

సర్వేవాళ్లు పటం తెచ్చారు. రెండు జిల్లాల గీత కంచరవలస ఊరి మధ్య నుంచే పోతోంది. సూరమ్మ ఇల్లు వంశపురం జిల్లాలో, ఎదురింట్లో ఉండే ఆమె ఆడపడుచు ఆదిలచ్చిమి కళింగరేవు జిల్లాలో. గీత అక్కడి నుంచి సాగి సన్నాసమ్మ టీ బడ్డీలోకి దూరి, పొయ్యికీ బల్లలకూ మధ్యగా బయటికి వచ్చింది. సర్వేయరు దాని మీద సున్నం పోశాడు.

"నా పొయ్యి వంశపురం, నా బల్ల కళింగరేవు" అంది సన్నాసమ్మ. "ఇక్కడ టీ కాసి అక్కడెడితే ఎగుమతైపోద్దేటి బావూ?"

"ప్రస్తుతానికి మినహాయింపు ఇస్తున్నాం" అన్నాడు చక్రధరం.

గీత మీద మేజా వేశారు. దాని కాళ్లు రెండు ఇటు, రెండు అటు. మధ్యలో కంప్యూటరు పెట్టారు. వరహాలరావు ఇటు పక్క తన రెండు డిస్కులతో, త్రినాథ్ అటు పక్క తన రెండింటితో కూర్చున్నారు. ఎవరి డిస్కును వాళ్లే ముట్టుకోవాలి. చూడ్డానికి వచ్చిన ఊరిజనం సెల్‌ఫోన్లన్నీ ఒక గంపలో వేయించి కానిస్టేబులు దాని మీద కూర్చున్నాడు. ఫోన్లో పాట ఎక్కితే అది సరిహద్దు మీద పుట్టిన ఆస్తి అవుతుందని, దాన్ని మళ్లీ ఎవరు పంచుతారని చక్రధరం అడిగాడు.

పట్నం నుంచి వచ్చిన ఇంజనీరు ప్రహ్లాద్ పెట్టె ముందు కూర్చున్నాడు.

"వీటిని మొదట ఉన్న వరసలోనే పెట్టాలండి. ఒకటో డిస్కు ఏది?"

"ఇది" అని ఇద్దరూ అన్నారు.

రెండు జిల్లాలూ పాత నంబర్లు గీకేసి తమ ఆస్తి నంబర్లు వేసుకున్నాయి. కళింగరేవులోనూ ఒకటీ రెండే, వంశపురంలోనూ ఒకటీ రెండే.

"ఇదేం పనిరా త్రినాథూ?"

"కొత్త జిల్లా లెక్క పాత నంబర్లతో మొదలవుతుందా గురువు గారూ? మరి మీరెందుకు గీకారండి?"

"నేను గీకలేదు. మా స్టోర్సు వాడు గీకాడు. పాత నంబరు మీద కొత్త జిల్లా నీడ పడిందట."

తర్వాత, ఏ జిల్లా డిస్కు ముందు పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పాత జిల్లా పెద్దది కాబట్టి దానిదే ముందన్నారు. కొత్త జిల్లాలో ప్రారంభోత్సవం చేసిన పెద్దమనిషి ఉన్నాడు కాబట్టి దానిదే ముందన్నారు. చక్రధరం మర్యాద క్రమం నిర్ణయించాడు. ఇటుదొకటి, అటుదొకటి, మళ్లీ ఇటుదొకటి, అటుదొకటి. సూరమ్మ సన్నాసమ్మ పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది.

ప్రహ్లాద్ మీట నొక్కాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు చక్రధరం.

"వరస తప్పినట్టుందండి. లోపల దానికేమీ కనపడక, ఖాళీ డిస్కులనుకుంటోంది. అంతా తుడిచి కొత్తగా ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతోంది. అవును, కాదు, రెండు మీటలున్నాయి."

"అడిగిందా?" చక్రధరం కుర్చీ ముందుకు జరిపాడు. "వినతి మనిషి నుంచి వచ్చినా యంత్రం నుంచి వచ్చినా పెండింగులో ఉంచకూడదు. సానుకూలంగా స్పందించాలి." ఆయన వేలు 'అవును' మీదికి పోయింది.

"బావోయ్!" అని సూరమ్మ అరిచింది.

వరహాలరావు ఇన్నేళ్ల సర్వీసు ఊరికే పోలేదు.

"సార్, ఈ వినతి రెండు జిల్లాలకు సంబంధించింది. ఇద్దరు కలెక్టర్ల ఆమోదం లేకుండా మీరొక్కరే నొక్కితే రేపు వివరణ అడుగుతారేమో."

చక్రధరం వేలు అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది.

"'కాదు' నొక్కండి" అన్నాడు ప్రహ్లాద్‌తో. "నొక్కే ముందు 'ప్రస్తుతానికి' అని నోట్ చేసుకోండి."

అక్కడి నుంచి ప్రహ్లాద్ వరసలు మార్చి మార్చి చూశాడు. మార్చిన ప్రతిసారీ వరహాలరావు తన డిస్కు తను తీసి పెట్టాడు, త్రినాథ్ తన డిస్కు తను తీసి పెట్టాడు. సన్నాసమ్మ రెండు జిల్లాలకూ టీలు అందించింది. ఆఖరికి అటు రెండు డిస్కులూ మధ్యలో, ఇటువి రెండు చెరో చివరా పడ్డప్పుడు తెర మీద పాటల పేర్లు బిలబిలా దిగాయి. కళింగరేవు ముందు కూర్చోలేదని త్రినాథ్ గాని, చివరికి కూడా కూర్చున్నామని వరహాలరావు గాని ఏమీ అనలేదు.

ప్రహ్లాద్ ఒక పేరు మీద నొక్కాడు. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత జముకు. తర్వాత బంగారమ్మ.

*గెడ్డ పొంగింది తల్లీ, గట్టు తెగిందీ...*

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. సన్నాసమ్మ అటు చూడలేదు. సూరమ్మ సున్నం గీత దాకా వచ్చి అక్కడే చతికిలబడింది. గీతకు అవతల ఆదిలచ్చిమి కూర్చుంది. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి.

నకలుకు అనుమతి లేదని చక్రధరం ముందే చెప్పాడు. 'పరీక్షార్థం ఒక్కసారి శ్రవణం' మాత్రమే మంజూరైంది. ఘట్టం అయిపోయింది. సూరమ్మ మొహం చూశాడు వరహాలరావు. ఒకసారి సరిపోలేదని ఆ మొహంలో ఉంది.

"సార్, పరీక్ష అయింది. ఫలితాన్ని ధ్రువీకరించాలంటే పునఃపరీక్ష ఉండాలి కదా?"

"తప్పకుండా ఉండాలి" అన్నాడు చక్రధరం.

పునఃపరీక్ష జరిగింది. దాని మీద నిర్ధారణ పరీక్ష జరిగింది. ఆ రెంటికీ ఫలితం ఒకటే వచ్చిందో లేదో చూడ్డానికి తులనాత్మక పరీక్ష అని త్రినాథ్ అందుకున్నాడు. వరహాలరావు అతని వైపు చూశాడు. త్రినాథ్ టీ గ్లాసు వైపు చూశాడు.

పొద్దు తిరిగేసరికి డిస్కులు మళ్లీ గుడ్డల్లోకి, సీళ్లలోకి వెళ్లాయి. పునరుద్ధరణ విజయవంతమని చక్రధరం నివేదిక రాసుకుంటున్నాడు. అంతలో వెనక నుంచి ఎవరో కూనిరాగం తీశారు. ఆయన కలం ఆగింది.

"ఎవరది?"

"నానే బావూ" అంది సూరమ్మ.

"ఏమిటా పాట?"

"ఇందాక మీరెట్టిందే. వొచ్చీసింది."

"మొత్తమా?"

"మొత్తమే బావూ. ముక్క ఒదల్నేదు."

చక్రధరం కళ్లజోడు తీశాడు. "వరహాలరావు గారూ, అయితే నకలు జరిగింది."

"యంత్రంలో జరగలేదు సార్."

"ఈవిడలో జరిగింది. ఈవిడ నివాసం ఎక్కడ?"

చెప్పాల్సి వచ్చింది. చక్రధరం లేచి నిలబడ్డాడు. "అంటే పాట మొత్తం వంశపురం జిల్లాకు పోయింది! కళింగరేవుకు ఏం మిగిలింది? త్రినాథ్, మీ అభ్యంతరం నమోదు చేయండి."

త్రినాథ్ తల గోక్కున్నాడు. జిల్లా తరఫున వచ్చిన మనిషి కాబట్టి నమోదు చేశాడు.

మూడో రోజున ఉత్తర్వు వచ్చింది. చక్రధరం స్వయంగా కంచరవలస వచ్చి బడ్డీ ముందు నిలబడి చదివాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సూరమ్మయందు నిల్వయున్న ముత్యాల పేరంటాలు కథ ఉభయ జిల్లాల ఉమ్మడి ఆస్తి. కనుక దానిని డిస్కులయందున్న పద్ధతినే అనుసరించి పంచడమైనది. మొదటి చరణము వంశపురం నివాసి, రెండవ చరణము కళింగరేవు నివాసి, మూడవది మరల వంశపురం నివాసి, ఈ ప్రకారముగా తుదివరకు ఆలపించవలెను. ఒకరి చరణమును మరొకరు ఆలపించరాదు. ఎవరి జిల్లాలో వారు నిలబడవలెను."

వరహాలరావు డిస్కుల్ని ఎలాగో కలపగలిగాడు, మనిషిని ముక్కలు చేస్తే మళ్లీ ఏ బల్ల మీద పెట్టి కలపాలో తెలీలేదు. సంబరం ఇంకో పది రోజుల్లో పడింది. సూరమ్మ వైపు చూడలేక సున్నం గీత వైపు చూశాడు.

గీతకు అవతల నుంచి ఆదిలచ్చిమి గుసగుసలాడింది.

"ఏటి వొదినా, ఏటంటన్నాడు బావు?"

"నానొక సరణం పాడాలంట, నువ్వొక సరణం పాడాలంట. నాది నువ్వు పాడకూడదు, నీది నాను పాడకూడదు."

"ఎప్పుడూ అదే గదేటి మనం సేసేది?"

"ఊరుకోయే ఆదీ. నోరెత్తకు."

అప్పుడు వరహాలరావుకు తట్టింది. ముందే తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. జముకుల కథ ఒక్కరు చెప్పేది కాదు. ముందు నిలబడినావిడ ఒక చరణం అంటుంది, పక్కన వంత పాడేది దాన్ని అందుకుని రెండో చరణం అంటుంది. మాట ఇక్కడ మొదలై అక్కడ పూర్తవుతుంది. బంగారమ్మకు సూరమ్మ వంత పాడింది. సూరమ్మకు ఆదిలచ్చిమి వంత. ఇన్నేళ్లు టేపుల మీద టేపులు పట్టినవాడు తను.

సూరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వచ్చింది.

"అన్నేయం బావూ! మా అప్ప కతని ముక్కలు సేసీసినారు. నాను ఒల్లను."

"ఒల్లమంటే ఒల్లం" అని అటు నుంచి ఆదిలచ్చిమి గొంతు కలిపింది.

"రెండు పక్షాల అభ్యంతరం" అన్నాడు చక్రధరం తృప్తిగా. "అయితే పంపకం సరిగ్గానే జరిగింది."

వరహాలరావు కూడా లిఖితపూర్వకంగా ఒక అభ్యంతరం ఇచ్చాడు. ఎక్కడ ఉత్తర్వు రద్దవుతుందోనని దాన్ని కొంచెం బలహీనంగా రాశాడు.

సంబరం నాడు పేరంటాలు గుడి ముందు సర్వేయరు మళ్లీ సున్నం పోశాడు. వంశపురం జనం ఇటు, కళింగరేవు జనం అటు కూర్చున్నారు. నిన్నటిదాకా ఒకే గడప వాళ్లు కూడా చెరో పక్క పడ్డారు. డీజే పెట్టిస్తామన్న కుర్రాళ్లు గోడెక్కి కూర్చున్నారు. కథ ఆగిపోతే ఫోన్ చేయడానికి వాళ్ల దగ్గర నంబరు ఉంది. చక్రధరం గీత కొసన కుర్చీ వేసుకుని, చరణాలకు టిక్కులు పెట్టుకునేందుకు కాగితాలు తెచ్చుకున్నాడు.

భోజనాల వేళ కథ మొదలైంది. ఎండ వాలేసరికి చివరి ఘట్టానికి వచ్చింది. సూరమ్మ జముకు మీద వేలు బిగించింది.

*గెడ్డ పొంగింది తల్లీ, గట్టు తెగిందీ...*

గీత అవతల నుంచి ఆదిలచ్చిమి అందుకుంది.

*గట్టుకడ్డం నిలిసె ముత్తేల పేరంటాలూ...*

*కొంగులో ముత్తేలు నీట జారాయీ...*

*జారిన ముత్తేలు వరి కంకులాయే...*

చక్రధరం ఇటొక టిక్కు, అటొక టిక్కు పెడుతున్నాడు. కొంతసేపటికి టిక్కులు ఆగాయి. కలం చేతిలోనే ఉంది. ఆయన తల జముకుతో పాటు ఊగుతోంది. గోడ మీది కుర్రాళ్లలో ఒకడు కిందికి దిగి అమ్మ పక్కన కూర్చున్నాడు. తర్వాత మిగిలినవాళ్లూ దిగారు.

ఘట్టం పూర్తయింది. పూర్తయ్యాక ఊరికి మంచి కోరుతూ ఒక చరణం ఉంటుంది. దాన్ని కథ చెప్పేవాళ్లు అనరు, జనం అంటారు. గీతకు ఇవతలి వాళ్లు, అవతలి వాళ్లు ఒక్కసారే ఎత్తుకున్నారు.

*ఊరంతా సల్లంగ ఉండాల తల్లీ...*

చక్రధరం ఉలిక్కిపడి కాగితాలు చూసుకున్నాడు.

"ఆగండాగండి. ఈ చరణం ఎవరి వాటా?"

"షెడ్యూల్లో లేదు సార్" అన్నాడు వరహాలరావు.

"త్రినాథ్!"

త్రినాథ్ అటు పక్క జనంలో కూర్చుని పాడుతున్నాడు.

ఆ చరణాన్ని ఏ జిల్లా కింద చూపాలన్న ఫైలు ఇప్పటికీ రెండు కలెక్టరేట్ల మధ్య తిరుగుతోంది.

ఆ రోజు జనం లేచి గీతను తొక్కుకుంటూ ఇళ్లకు పోతుంటే, వరహాలరావు సూరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె జముకు నరం వదులు చేస్తోంది.

"సూరమ్మా, ఒక్క మాట. ఈ చివరి ఘట్టం నువ్వు కూడా ఆఖర్నే నేర్పుతావా?"

"ఆకర్న ఏటి బావూ, ఆకరెప్పుడొస్తాదో అప్పకి తెలిసిందా? రేపే మొదలెడతాను. ఈ ఊరి గుంటలందరికీ. ఇటోలికీ, అటోలికీ."

"పిల్లలందరికీనా?"

"ఏటైపోద్ది? ఎంతమందికి పంచినా ఒక్కొక్కలికీ మొత్తం ఒస్తాది బావూ. సగం రాదు."

వరహాలరావు అటూ ఇటూ చూశాడు. చక్రధరం ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

"కొంచెం నెమ్మదిగా అను" అన్నాడు.